వృద్ధాశ్రమంలో ఉన్న పెద్దలకు నిపుణ వైద్యం: ఎవరు చూడాలి, ఎలా చూడాలి?

తెనాలి_అమ్మాయి (పుణె)

అందరికీ నమస్కారం. మా అమ్మకు 81 ఏళ్ళు. ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పంతులమ్మగా చేసి పదవీ విరమణ పొందారు. నాన్న పోయాక రెండేళ్ళు నా దగ్గర ఉన్నారు. భాష తెలియని అపార్ట్‌మెంటులో పగలంతా ఒంటరిగా ఉండలేక, తానే పట్టుబట్టి హైదరాబాదు శివార్లలోని ఒక వృద్ధాశ్రమంలో చేరారు. తిండి, శుభ్రత, తోడు విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా ప్రశ్న వైద్యం గురించి మాత్రమే.

వేసవిలో అమ్మ ఫోనులో మాటలు తగ్గించారు. ఆశ్రమం వారిని అడిగితే, “అమ్మగారు ఈ మధ్య బాగా శాంతించారండీ, ఎవరినీ ఏమీ అనడం లేదు” అని మెచ్చుకోలుగా చెప్పారు. పప్పులో ఉప్పు తక్కువైతే వంటగది దాకా వెళ్ళి చెప్పి వచ్చే మనిషి ఎవరినీ ఏమీ అనకపోవడం ఏమిటని నాకు అప్పుడే తోచి ఉండవలసింది. నాలుగో రోజు కుర్చీలోంచి జారి పడ్డారు. ఆసుపత్రిలో రక్తంలో సోడియం బాగా పడిపోయి 116 ఉందన్నారు. ఆమె వేసుకుంటున్న బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ అనే నీటి మందు (మూత్రం ఎక్కువగా పోయించేది) కలిసి ఉందనీ, దిగులుకు మరో డాక్టరు రాసిన ఎస్సిటలోప్రామ్ కూడా సోడియంను తగ్గించగలదనీ, రెండూ కలిసి పని పట్టాయనీ వివరించారు. అయిదు రోజులు ఉంచుకుని, ఆ బీపీ మాత్రను ఆపి, వేరే మాత్ర రాసి పంపించారు.

మూడు వారాలకు మళ్ళీ అదే మగత. ఈసారి నేనే వెళ్ళాను. డిశ్చార్జి కాగితం ఆశ్రమం ఆఫీసు బీరువాలో, ప్లాస్టిక్ కవరులో, మడత నలగకుండా ఉంది. అమ్మ గదిలోని మందుల డబ్బాలో ఉదయం గడి తెరిస్తే కొత్త మాత్ర పక్కనే పాత మాత్ర కూడా ఉంది. నెలకు సరిపడా ముందే తెచ్చిన స్ట్రిప్పులను ఆయా కత్తెరతో ఒక్కొక్క మాత్రగా కత్తిరించి పెట్టడం వల్ల, వెనుక ముద్రించిన పేరు సగంలో తెగిపోయింది. గడువు తేదీ అసలే కనిపించలేదు.

ఆశ్రమానికి నెలకొకసారి వచ్చే డాక్టరు ఉన్నారు. బీపీ చూసి, పాత చీటీనే కొనసాగించమని సంతకం చేసి వెళతారు. పెద్ద వయసు వారి వైద్యం ఎరిగిన ఒకరు క్రమం తప్పకుండా వచ్చి చూసే ఏర్పాటు మన దగ్గర సాధ్యమేనా? ఎవరైనా చేసుకున్నారా?

జరావైద్యుడు (హైదరాబాదు)

తెనాలి_అమ్మాయి గారూ, మీరు వివరించిన “శాంతించడం” నేను వారానికి ఒకటి రెండు సార్లయినా వింటాను. దానిని డెలీరియం అంటారు, అంటే ఒంట్లోని తేడా వల్ల ఉన్నట్టుండి వచ్చే మతి తడబాటు. డెలీరియం అనగానే అరవడం, గొట్టాలు పీకేసుకోవడం గుర్తుకు వస్తాయి. అయితే పెద్దవారిలో మగతగా, మాట లేకుండా, చెప్పినట్టల్లా పడి ఉండే రకం ఎక్కువగా కనిపిస్తుంది. ఎవరికీ ఇబ్బంది కలిగించదు కాబట్టి దానిని ఎవరూ గుర్తించరు. సోడియం పడిపోవడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఆశ్రమ సిబ్బందికి నేను చెప్పేది ఒక్కటే. మనిషి తీరు రెండు మూడు రోజుల్లో మారితే, ఆ మార్పు మంచి వైపుగా కనిపించినా సరే, అది డాక్టరుకు చెప్పవలసిన విషయం.

ఇక మీ అసలు ప్రశ్న. వృద్ధుల వైద్యం మన దేశంలో కొత్తదేమీ కాదు. మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ గారు 1978లోనే వృద్ధులకు ప్రత్యేక ఓపీ ప్రారంభించారు. 1996లో మద్రాసు మెడికల్ కాలేజీలో వృద్ధుల వైద్యంలో ఎం.డి. కోర్సు కూడా మొదలైంది. అయినా ఈ చదువు చదివినవారు ఇప్పటికీ చాలా కొద్దిమందే. అందువల్ల ప్రతి ఆశ్రమానికీ ఒక జరావైద్య నిపుణుడు కావాలని కూర్చుంటే ఎవరికీ దొరకరు. వారానికొకసారి నిర్ణీతమైన రోజున వచ్చే ఒక మామూలు ఎం.బి.బి.ఎస్. వైద్యుడు, అక్కడే ఉండే ఒక నర్సు, నెలకొకసారి వీడియోలో కష్టమైన కేసులు చర్చించడానికి ఒక నిపుణుడు, ఇంతవరకు సాధ్యమే. 2020 మార్చిలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాక దీనికి చట్టపరమైన అడ్డంకి కూడా లేదు.

ఆ వచ్చే వైద్యుడు ఒక్కరే ఉండాలి, మారకూడదు. అమ్మగారు మామూలుగా ఎలా మాట్లాడతారో తెలిసినవారికే ఆవిడ మాట్లాడకపోవడం జబ్బుగా కనిపిస్తుంది.

కృష్ణాతీరం (విజయవాడ)

నేను 38 పడకల ఆశ్రమం నడుపుతున్నాను కనుక అవతలి పక్షం కూడా చెప్పనివ్వండి. డాక్టరు గారు చెప్పిన ఏర్పాటు కోసం నేను మూడేళ్ళు ప్రయత్నించాను. పిలిస్తే వస్తారు, ఆ ఒక్కరిని చూస్తారు, వెళ్ళిపోతారు. 38 మందినీ కూర్చుని చూడడానికి కనీసం నాలుగు గంటలు పడుతుంది. ఆ నాలుగు గంటల్లో తన క్లినిక్‌లో వచ్చే ఆదాయాన్ని వదులుకుని ఏ డాక్టరు వస్తారు? ఆ ఖర్చును నెలసరి రుసుములో కలుపుతానంటే, “మా నాన్నగారికి ఏ జబ్బూ లేదు కదా, మేమెందుకు కట్టాలి” అని పిల్లలు అడుగుతారు. అదే పిల్లలు, ఆయనకు దగ్గు వస్తే అర్ధరాత్రి పెద్దాసుపత్రికి ఎందుకు తీసుకెళ్ళలేదని నిలదీస్తారు.

నిజం ఒప్పుకుంటాను. ఆ భయం వల్ల మేము అవసరం ఉన్నా లేకపోయినా అంబులెన్సు పిలుస్తాము. రాత్రిపూట నా దగ్గర ఒక ఏ.ఎన్.ఎం. (సహాయ నర్సు), ఇద్దరు ఆయాలు ఉంటారు. జ్వరం 101 చూపిస్తే ఆ అమ్మాయి ఎవరిని అడగాలి? ఫోను ఎత్తే డాక్టరు లేనప్పుడు ఆసుపత్రే దిక్కు. అక్కడికి వెళ్ళిన పెద్దాయన పది రోజులకు మూత్రపు గొట్టంతో, నడుము కింద పుండుతో తిరిగి వస్తాడు.

రాత్రి_డ్యూటీ (ఖమ్మం)

కృష్ణాతీరం గారు చెప్పిన ఆ “నడుము కింద పుండు” గురించి నర్సుగా నాలుగు మాటలు రాస్తాను, ఎందుకంటే అది మొదలయ్యే రోజున ఎవరికీ కనిపించదు.

ఒత్తిడి పుండు పైకి కనిపించే ముందు చర్మం ఎర్రబడుతుంది. వేలితో నొక్కి వదిలితే మామూలు ఎరుపు తెల్లబడి మళ్ళీ ఎర్రగా మారుతుంది. నొక్కినా తెల్లబడకపోతే లోపల దెబ్బ మొదలైనట్టే. మన వారి చామనఛాయ మీద, నలుపు మీద ఆ ఎరుపు కళ్ళకు ఆనదు. అందుకే చేత్తో తాకి చూడాలి. చుట్టుపక్కల చర్మం కంటే వెచ్చగా గాని చల్లగా గాని, గట్టిగా గాని మెత్తగా గాని అనిపిస్తే నమ్మకూడదు. త్రికాస్థి (వెన్ను చివర, పిరుదుల పైన ఉండే ఎముక) దగ్గర, తుంటి పక్కన, మడమల మీద రోజూ చూడాలి. మడమలను అందరూ మరచిపోతారు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా తేల్చి ఉంచితే చాలు. ఎయిర్ బెడ్ కొన్నాము కదా అని మనిషిని తిప్పడం మానేసిన ఆశ్రమాలను నేను చూశాను. కరెంటు పోయి అది చప్పబడితే మనిషి మంచం చెక్క మీద పడుకున్నట్టే.

పడుకోబెట్టి తినిపించడం మరో తప్పు. పక్షవాతం వచ్చినవారికి, మతిమరుపు ముదిరినవారికి మింగడం మందగిస్తుంది. మంచినీళ్ళకు పొలమారుతూ, పెరుగన్నం సాఫీగా మింగుతున్నారంటే అది మొదటి హెచ్చరిక. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, ఒక ముద్ద మింగాకనే మరో ముద్ద పెట్టి, తిన్న తరువాత అరగంట కూర్చోనివ్వాలి. మింగుడు పరీక్ష చేసే స్పీచ్ థెరపిస్టును ఒక్కసారి రప్పించగలిగితే కొన్ని న్యుమోనియాలు తప్పుతాయి. స్పీచ్ థెరపిస్టు అంటే మాటలు రాని పిల్లలకే అనుకుంటారు మన వాళ్ళు.

మూడోతరం (కరీంనగర్)

ఇంత బాధ ఎందుకు? కన్నతల్లిని ఇంట్లో పెట్టుకుంటే ఈ డబ్బాలు, కత్తెరలు, ఫైళ్ళు ఉండేవి కావు కదా.

వేదిక నిర్వాహకులు

మూడోతరం గారూ, పెద్దలు ఎక్కడ ఉండాలనే చర్చకు వేరే శీర్షిక ఉంది. ఇక్కడ ఆశ్రమంలో ఉన్నవారి వైద్యానికే పరిమితం అవుదాం.

మందుల_చీటీ (వరంగల్)

నేను ఫార్మసిస్టుగా ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మూడోతరం గారికి ఒక్క మాట. ఇళ్ళలోని మందుల డబ్బాలు కూడా నేను చూశాను, అవి ఇంతకంటే మెరుగ్గా ఏమీ ఉండవు.

కత్తిరించిన స్ట్రిప్పు సంగతి చదివి నాకు ఆశ్చర్యం కలగలేదు. మా వీధిలోని ఆశ్రమానికి ఆదివారాలు వెళుతుంటాను. మొదటిసారి వెళ్ళినప్పుడు ప్రతి ఒక్కరి మందులన్నీ ఒక సంచిలో వేసి బల్ల మీద కుమ్మరించమన్నాను. ఒకాయన సంచిలో ఆమ్లోడిపిన్ అనే బీపీ మందు రెండు కంపెనీల పేర్లతో ఉంది. గుండె డాక్టరు ఒకటి, షుగరు డాక్టరు ఒకటి రాశారు. ఆయన రెండూ వేసుకుంటున్నాడు. కాళ్ళ వాపు వచ్చింది. ఆ వాపుకు మూడో డాక్టరు నీటి మాత్ర రాశాడు. ఆ మాత్రకు రాత్రి నాలుగుసార్లు లేస్తూ, ఒకసారి బాత్రూములో పడ్డాడు. ఒక్క మాత్ర తగ్గిస్తే పోయేదానికి ఆయన నడుముకు బెల్టు వచ్చింది.

షుగరు మాత్రల్లో గ్లైబెన్‌క్లమైడ్ ఒంట్లో చాలాసేపు నిలుస్తుంది. పెద్ద వయసులో మూత్రపిండాలు మందగిస్తాయి కనుక ఇంకా ఎక్కువసేపు ఉండిపోతుంది. కార్తీక సోమవారాలు, ఏకాదశులు ఉపవాసం ఉండే పెద్దమ్మలు అన్నం మానేస్తారు గాని మాత్ర మానరు. మధ్యాహ్నానికి చెమటలు, తడబాటు. దేవుడి దయ వల్ల ఎవరో తీర్థం ఇస్తారు, అందులో బెల్లం ఉంటే తేరుకుంటారు. ఉపవాసం రోజున ఏ మాత్ర ఆపాలో డాక్టరు చేత ముందే రాయించి గోడకు అంటించడం అసాధ్యమేమీ కాదు.

మింగలేని వారికి మాత్రలు నూరి ఇవ్వడం కూడా గమనించండి. పేరు చివర ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ అని ఉన్నవి నెమ్మదిగా కరగడానికి చేసినవి, నూరితే రోజంతటి మందు ఒక్కసారిగా దిగుతుంది. గ్యాసుకు వాడే పాంటాప్రజోల్ వంటివి నూరితే కడుపులోని ఆమ్లానికి పాడైపోతాయి.

తెల్లకోటు (ఇంగ్లండ్)

నేను గుంటూరులో చదివి, ఇక్కడ కుటుంబ వైద్యురాలిగా పనిచేస్తున్నాను. మా ఆరోగ్య కేంద్రం బాధ్యతలో మూడు కేర్ హోములు ఉన్నాయి కనుక జరావైద్యుడు గారు చెప్పిన ఏర్పాటు ఇక్కడ ఎలా నడుస్తుందో రాస్తాను.

2020 నుంచి ఇంగ్లండ్‌లో ప్రతి కేర్ హోమునూ చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాల సముదాయం ఒకదానికి అప్పగించారు. హోముకు పేరుతో సహా ఒక బాధ్యుడైన వైద్య నిపుణుడు ఉండాలి. వారానికొక రౌండు తప్పనిసరి. ఆ రౌండుకు ప్రతిసారీ డాక్టరే వెళ్ళనక్కరలేదు. మా దగ్గర మూడు వారాలు అనుభవజ్ఞురాలైన నర్సు వెళుతుంది, నాలుగో వారం నేను వెళతాను. కొత్తగా చేరినవారికి గాని, ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చినవారికి గాని ఏడు పని దినాల్లో పూర్తి అంచనా వేసి, సంరక్షణ ప్రణాళిక రాయాలి. తెనాలి_అమ్మాయి గారి అమ్మగారి విషయంలో జారిపోయినది సరిగ్గా ఈ మెట్టే. ఆసుపత్రి కాగితాన్నీ, హోములోని మందుల పట్టికనూ పక్కపక్కన పెట్టి, ఫార్మసిస్టు ఒక్కొక్క పేరుకూ టిక్కు పెడతారు. ఆపిన మందును డబ్బాలోంచి తీసి తిరిగి పంపేవరకు ఆ పని ముగిసినట్టు లెక్క కాదు.

ఇక్కడ అంతా స్వర్గమని అనుకోకండి. నోటి ఆరోగ్యం మీద 2019లో ఇక్కడి తనిఖీ సంస్థ జరిపిన పరిశీలనలో, చూసిన హోముల్లో సగానికి పైగా నోటి సంరక్షణకు ఒక విధానమే లేదని తేలింది. నెదర్లాండ్స్ వారు ఇంకో అడుగు ముందున్నారు. అక్కడ నర్సింగ్ హోముల్లోని వృద్ధులను చూడడానికే ఒక ప్రత్యేక వైద్య శాఖ ఉంది, ఆ డాక్టర్లు హోము ఉద్యోగులుగానే పనిచేస్తారు.

పాలకొల్లు_బాబు (హైదరాబాదు)

మా నాన్నగారు ఆశ్రమంలోనే పోయారు. పార్కిన్సన్స్ ముదిరి, ఆఖరి ఏడాది నాలుగుసార్లు ఆసుపత్రికి తిప్పాము. నాలుగోసారి ఐ.సి.యు.లో చేతులు మంచానికి కట్టి ఉండగా చూశాను. ఆ రోజు ఇక చాలనుకున్నాను.

ఆ తరువాత ఒక పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే వైద్యం) బృందం వారానికొకసారి ఆశ్రమానికే వచ్చింది. డాక్టరు, నర్సు ఇద్దరే. పాలియేటివ్ అంటే క్యాన్సరుకే అనుకునేవాడిని. పార్కిన్సన్స్‌కు, మతిమరుపుకు, గుండె వైఫల్యానికి కూడా వారు చూస్తారని అప్పుడు తెలిసింది. కండరాలు పట్టేసే నొప్పికి మందు సరిచేశారు, గొంతులో చేరే కఫానికి మందు రాశారు, మలబద్ధకం గురించి నాతో అరగంట మాట్లాడారు. అంతకు ముందు ఏ నిపుణుడూ ఆ మాట ఎత్తలేదు.

నాన్నగారికి ఇంకా స్పృహ ఉండగానే ముందస్తు వైద్య నిర్దేశం, అంటే ఆఖరి దశలో ఏ చికిత్స వద్దో ముందే చెప్పే కాగితం, రాయించాము. సుప్రీంకోర్టు 2018లో దీనిని గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతిని సులభం చేసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరిస్తే చాలని చెప్పింది. దాని నకలు ఆశ్రమం నర్సు దగ్గర, ఆవిడ బల్ల సొరుగులో ఉండేది. రాత్రి రెండు గంటలకు శ్వాస మారినప్పుడు ఆవిడ అంబులెన్సుకు కాకుండా పాలియేటివ్ డాక్టరుకు ఫోను చేసింది. తెల్లవారుజామున, తన మంచం మీదే, తన దుప్పటిలోనే వెళ్ళిపోయారు.

కృష్ణాతీరం (విజయవాడ)

పాలకొల్లు_బాబు గారూ, ఆ కాగితం ఉన్న కుటుంబాలు నా దగ్గర రెండే. మిగతా వారితో ఆ మాట ఎత్తాలంటే నాకే నోరు రాదు.

ఖర్చు విషయంలో ఒక స్పష్టత కావాలి. 70 ఏళ్ళు దాటిన వారందరికీ 2024 అక్టోబరు చివర్లో వచ్చిన ఆయుష్మాన్ కార్డుతో ఇదంతా అయిపోతుందని కొందరు పిల్లలు నాతో వాదిస్తున్నారు.

జరావైద్యుడు (హైదరాబాదు)

కాదు. ఆ కార్డు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి అయిదు లక్షల దాకా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చు భరిస్తుంది. తుంటి ఎముక విరిగితే అది అక్కరకు వస్తుంది కనుక అందరి చేతా తప్పక చేయించండి. అయితే ఆశ్రమానికి డాక్టరు వచ్చినా, ఓపీకి వెళ్ళినా, నెలనెలా మందులు కొన్నా అది చెల్లదు. పడిపోయాక చూసుకునే డబ్బు ఉంది గాని, పడకుండా చూసుకునే డబ్బు ఎవరూ ఇవ్వడం లేదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రభుత్వ ఆసుపత్రుల్లో వృద్ధులకు పడకలు, ప్రత్యేక వరుసలు ఉండాలంది. ఆ చట్టం కూడా ఆసుపత్రి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

కృష్ణాతీరం గారూ, మీ 38 మందినీ ఒకే రోజు చూడమని ఏ డాక్టరునూ అడగకండి. వారానికి పదిమంది చొప్పున పంచండి. గంటన్నరలో అయిపోతుంది. ఎవరిని ముందు చూడాలో మీ నర్సు నిర్ణయించాలి. ఆ వారం పడిపోయినవారు, తిండి తగ్గినవారు, ఆసుపత్రి నుంచి వచ్చినవారు ముందు. రాత్రి ఫోను ఎత్తడానికి విడిగా రుసుము ఇవ్వండి, ఎత్తుతారు.

తెనాలి_అమ్మాయి (పుణె)

ఆరు వారాల తరువాత రాస్తున్నాను. మీరందరూ రాసినవి ముద్రించి ఆశ్రమం మేనేజరు గారికి ఇచ్చాను. మరో తొమ్మిది కుటుంబాలతో మాట్లాడి, నెలకు ఒక్కొక్కరం ఏడు వందలు వేసుకుని, దగ్గరలోని ఒక యువ డాక్టరును గురువారాలకు ఒప్పించాము. ఆయన మొదటి గురువారమంతా మందుల డబ్బాలు కుమ్మరించడంతోనే సరిపోయింది. అమ్మ మాత్రలు పదకొండు నుంచి ఆరుకు తగ్గాయి. కత్తెరను మేనేజరు గారు ఆఫీసులో తాళం వేసి ఉంచారు. చెవిలో గట్టిపడిన గులిమిని తీయించాక ఫోనులో నేను అరవవలసిన పని తప్పింది. ఇంతకాలం అది వయసు వల్ల వచ్చిన చెవుడనుకున్నాము. సోడియం మొన్న మామూలు స్థాయికి, 136కు వచ్చింది.

కొత్త సమస్య ఒకటి. అమ్మ కట్టుడు పళ్ళు వదులుగా ఉన్నాయని పెట్టుకోవడం మానేశారు, అన్నం మెత్తగా పిసికి ఇస్తే తినడం లేదు. ఆశ్రమానికి వచ్చి చూసే దంతవైద్యులు ఎవరైనా ఉంటారా?

రాత్రి_డ్యూటీ (ఖమ్మం)

కొన్ని డెంటల్ కాలేజీలకు మొబైల్ వ్యాను ఉంటుంది, సామాజిక దంతవైద్య విభాగానికి ఉత్తరం రాసి అడగండి. దానికంటే ముందు, అవి అమ్మగారి పళ్ళేనా అని ఒకసారి చూడండి. మా దగ్గర రాత్రిపూట అందరివీ ఒకే పళ్ళెంలో కడిగేవారు. ఇద్దరు పెద్దమ్మలు నెల రోజులు ఒకరి పళ్ళు ఒకరు పెట్టుకుని తిరిగారు.

తెనాలి_అమ్మాయి (పుణె)

ఇప్పుడే మేనేజరు గారికి ఫోను చేశాను. పక్క గది సుబ్బమ్మ గారు కూడా వారం నుంచి పళ్ళు బిగుతుగా ఉన్నాయంటున్నారట.